డాలస్ వైపు ఉన్న అబ్బాయి మీద కేసు ఉందో లేదో ఎలా చూడాలి?

మీరు అడిగింది ఇదీ కదండీ. మీ అన్నయ్యగారి అమ్మాయికి డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి సంబంధం వచ్చింది. మాటలు అయిపోయాయి, తాంబూలాలకు రోజు చూస్తున్నారు. ఈలోగా ఎవరో ఫోన్ చేసి "రెండేళ్ల కిందట ఆ అబ్బాయిని పోలీసులు పట్టుకెళ్లారట, కనుక్కున్నారా?" అని ఒక్క మాట అనేసి పెట్టేశారు. మీరు ఒక వెబ్‌సైట్‌లో ముప్పై డాలర్లు కట్టి రిపోర్టు తీస్తే అదే పేరు మీద మూడు కేసులు వచ్చాయి. ఇప్పుడు ఇంటిల్లిపాదికీ టెన్షన్. అసలు రికార్డు ఎక్కడ దొరుకుతుందో చెప్పమన్నారు.

నేను ఇక్కడ మెకిన్నీలో ఒక క్రిమినల్ డిఫెన్స్ లాయరు దగ్గర పదహారేళ్లుగా పారాలీగల్‌ని, అంటే కేసు పనుల్లో లాయరుకు సాయపడే ఉద్యోగం. పొద్దున్నే ఆఫీసుకు రాగానే తెరిచేది కోర్టు పోర్టల్, అంటే కేసులు వెతికే వెబ్‌సైటు, ఆ తర్వాతే మెయిల్. నేను లాయర్ని కాను కాబట్టి సలహా ఇవ్వను. ఎక్కడ వెతకాలి, వెతికింది ఎలా చదవాలి, ఇంతవరకు చెప్పగలను. నిజానికి వెతకడం పెద్ద పనేమీ కాదు. దొరికినవాడు మన అబ్బాయేనా అన్నది తేల్చుకోవడం, దొరికిన కాగితంలో ఏం రాసుందో అర్థం చేసుకోవడం, ఈ రెండింటి దగ్గరే అందరూ బోల్తా పడతారు.

ముందు ఆ ముప్పై డాలర్ల రిపోర్టు సంగతి. దాన్ని పక్కన పెట్టేయండి. ఆ కంపెనీలు దేశంలోని కౌంటీల దగ్గర డేటా గంపగుత్తగా కొని, పేర్లు కలిసిన చోటల్లా ఒకే మనిషి ఖాతాలో వేసేస్తాయి. కోర్టు కేసు కొట్టేసినా వాళ్ల డేటాలో అది అలాగే ఉండిపోతుంది. పేజీ అడుగున చిన్న అక్షరాలతో "ఉద్యోగానికి, ఇల్లు అద్దెకివ్వడానికి ఈ రిపోర్టును వాడకూడదు" అని వాళ్లే రాసుకుంటారు. అక్కడ తప్పు సమాచారం ఇస్తే చట్టం పట్టుకుంటుందని వాళ్లకు తెలుసు. పెళ్లి సంబంధానికి వాడితే పట్టుకునేవాళ్లు లేరు.

మన దగ్గర ఈకోర్ట్స్ యాప్‌లో ప్రతి కేసుకూ ఉండే సీఎన్ఆర్ నంబరు, అక్షరాలూ అంకెలూ కలిపి పదహారు, కొడితే గుంటూరు కేసైనా, కరీంనగర్ కేసైనా ఒకేచోట కనిపిస్తుంది. అమెరికాలో అలాంటిది లేదు. ఇక్కడ మామూలు నేరాల కేసులన్నీ కౌంటీ స్థాయిలో నడుస్తాయి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి, కానీ చాలా చిన్నది కూడా కావచ్చు. ఒక్క టెక్సాస్‌లోనే 254 కౌంటీలున్నాయి. రికార్డు ఉండేది మనిషి కాపురం ఉన్న కౌంటీలో కాదు, సంఘటన జరిగిన కౌంటీలో.

ఫ్రిస్కోతో ఇక్కడే ఇంకో చిక్కు. ఆ ఊరే రెండు కౌంటీల్లో ఉంది, తూర్పు భాగం కాలిన్ కౌంటీ, పడమటి భాగం డెంటన్ కౌంటీ. క్యారల్టన్ మూడు కౌంటీల్లో ఉంది. డాలస్ నగరం ఐదింటిలోకి పాకింది. అబ్బాయి ఫ్రిస్కోలో ఉంటూ, ఇర్వింగ్‌లో పనిచేస్తూ, శుక్రవారం రాత్రి డాలస్ డౌన్‌టౌన్‌లో స్నేహితులతో కూర్చుని టోల్‌వే మీద ఇంటికి బయల్దేరాడనుకుందాం. డాలస్‌లో ఆపితే డాలస్ కౌంటీ కేసు. ప్లేనో దాకా వచ్చాక ఆపితే కాలిన్ కౌంటీ కేసు. ఇంటి దగ్గర ఆపితే డెంటన్ కౌంటీది కూడా కావచ్చు. కాబట్టి కాలిన్, డెంటన్, డాలస్ మూడూ చూడాలి. ఫోర్ట్‌వర్త్ వైపు తిరుగుడు ఉంటే టారంట్ కౌంటీ కూడా. ఎంఎస్ వేరే రాష్ట్రంలో చేసుంటే అక్కడ కూడా చూడాలి. మనవాళ్లు చాలామంది చదివే మిజోరీలో అయితే కేస్‌నెట్ అని రాష్ట్రం మొత్తానికి ఉచిత పోర్టల్ ఒకటుంది, పని తేలిక.

కౌంటీ తేలాక, ఆ కౌంటీలో ఏ ఆఫీసు అన్నది ఇంకో మెట్టు. అరెస్టు రికార్డు, కోర్టు రికార్డు ఒకటి కాదు. అరెస్టైనవాళ్లను ఉంచే కౌంటీ జైలు షెరీఫ్, అంటే కౌంటీ పోలీసు పెద్ద, కిందికి వస్తుంది. పేరు, ఫొటో, ఎత్తు, బరువు, ఏ ఆరోపణ మీద తెచ్చారు, బాండ్, అంటే బెయిలు పూచీ, ఎంత అన్నవి జైలు రికార్డులో ఉంటాయి. కేసు కాగితాలు మాత్రం కోర్టు రికార్డులు చూసే క్లర్కుల దగ్గర. టెక్సాస్‌లో పెద్ద నేరాలు, అంటే ఫెలొనీలు డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర, చిన్న నేరాలు, అంటే క్లాస్ ఏ, క్లాస్ బీ మిస్‌డిమీనర్లు చాలా కౌంటీల్లో కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటాయి. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో మాత్రం రెండూ డిస్ట్రిక్ట్ క్లర్కే చూస్తాడు. ఇక స్పీడింగ్ టికెట్ లాంటి క్లాస్ సీ వ్యవహారాలు, ఐదువందల డాలర్ల లోపు జరిమానాతో పోయేవి, నగర మున్సిపల్ కోర్టులోనో జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టులోనో ఉంటాయి. వాటి గురించి మీరు బెంగ పెట్టుకోనక్కర్లేదు, మాకందరికీ ఒకటో రెండో ఉన్నాయి.

ఆయా కౌంటీ అధికారిక వెబ్‌సైట్‌కే వెళ్లండి. గూగుల్‌లో కొడితే పైన వచ్చే నాలుగైదు ప్రైవేటు సైట్ల ప్రకటనలే, కిందికి దిగి చూడండి. పేరుతో వెతకడానికి డబ్బులు అడిగితే అది కౌంటీ సైటు కాదని ఈ మూడు కౌంటీల వరకు ధైర్యంగా అనుకోవచ్చు. ఇండియా నుంచి కొన్ని కౌంటీ సైట్లు అసలు తెరుచుకోవు. సైటు పాడైందనుకోకండి, బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లను ఆపేస్తారు. ఇక్కడున్న చుట్టాలెవరినైనా తెరిచి చూడమనండి.

ఇప్పుడు అసలు కష్టం, మన పేర్లు.

పోర్టల్ అడిగేది చివరి పేరు, మొదటి పేరు. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ముందుంటుంది, ఒకరికి వెనకుంటుంది, ఒకరికి ఉండనే ఉండదు. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉంటే వీసా మీద మొదటి పేరు బదులు "ఎఫ్ఎన్‌యూ" అని అచ్చవుతుంది, పేరు తెలియదని దానర్థం. డ్రైవింగ్ లైసెన్సు మీద కూడా అదే వచ్చేస్తుంది. పోలీసు రాసుకునేది లైసెన్సు చూసి. అంటే మీరు అబ్బాయి పేరుతో ఎంత వెతికినా దొరకదు, అతను రికార్డుల్లో "ఎఫ్ఎన్‌యూ" గారు. ఇంకొన్నిసార్లు మూడు పేర్లవాడికి మధ్య పేరు ఎగిరిపోయి ఉత్త "వెంకట" మిగులుతుంది. శ్రీనివాస్‌కి ఇంగ్లిషులో ఒక "ఐ" ఉందా రెండు "ఈ"లున్నాయా, లక్ష్మిలో "ఎక్స్" ఉందా అన్నది కూడా చూసుకోవాలి. కాబట్టి ముందు అబ్బాయి పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా తెలుసుకోండి. బయోడేటాలో రాసింది కాదు. తర్వాత చివరి పేరు, మొదటి పేరు తారుమారు చేసి మళ్లీ వెతకండి. ఇంటిపేరు మొదటి నాలుగైదు అక్షరాలు మాత్రం ఇచ్చి, అలా మొదలయ్యేవన్నీ చూపించే వీలుంటే అదీ ప్రయత్నించండి.

పుట్టిన తేదీతో సరిపోల్చుకోవాలి. ఇక్కడ నెల ముందు రాస్తారు, రోజు తర్వాత. 03/07/1994 అంటే మార్చి ఏడు, జూలై మూడు కాదు. నవ్వుతారేమో గానీ ఈ ఒక్క పొరపాటు మీద ఏడ్చిన ఇళ్లు, ఊపిరి పీల్చుకున్న ఇళ్లు రెండూ నేను చూశాను. దానికి తోడు మనకు సర్టిఫికెట్ పుట్టినరోజు వేరు, జాతకం పుట్టినరోజు వేరు. పెళ్లివాళ్లు మీకిచ్చింది జాతకం తేదీ. కోర్టులో ఉండేది పదో తరగతి సర్టిఫికెట్ తేదీ. కొన్ని పోర్టళ్లు పూర్తి తేదీ చూపించవు, సంవత్సరం ఒక్కటే చూపిస్తాయి. అప్పుడు జైలు రికార్డులోని ఎత్తు, బరువు, చిరునామా ఉన్న ఊరు ఆధారం.

నాలుగేళ్ల కిందట మాకు తెలిసినవాళ్లకు ఇలాంటిదే జరిగింది. అబ్బాయి పేరుతో డాలస్ కౌంటీలో ఒక దొంగతనం కేసు, షాపులో వస్తువు ఎత్తుకెళ్లిన రకం. పేరు అదే, పుట్టిన సంవత్సరం అదే. అమ్మాయి తల్లి రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేను జైలు రికార్డు తీసి చూశాను. కేసులో ఉన్నవాడి ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. పెళ్లిచూపులకు వచ్చిన అబ్బాయి గుమ్మంలో తల వంచుకుని లోపలికొచ్చాడట! వాళ్లకు పెళ్లై ఇప్పుడు పాప కూడా.

సరే, పేరు, పుట్టిన తేదీ, ఎత్తు అన్నీ కలిసి ఒక కేసు నిజంగానే దొరికిందనుకుందాం. అప్పుడు ఏం చదవాలి?

మొదట కేసు నంబరు. కాలిన్ కౌంటీలో నంబరు మూడు ముక్కలుగా ఉంటుంది. ముందు కోర్టు, మధ్యలో వరస సంఖ్య, చివర సంవత్సరం. 001తో మొదలైతే అది కౌంటీ కోర్ట్ ఎట్ లా ఒకటో నంబరు, అంటే క్రిమినల్ కేసైతే మిస్‌డిమీనర్. 366తో మొదలైతే 366వ డిస్ట్రిక్ట్ కోర్టు. క్రిమినల్ కేసైతే అది ఫెలొనీ. అయితే డిస్ట్రిక్ట్ కోర్టుల్లో విడాకులు, సివిల్ దావాలు కూడా నడుస్తాయి కాబట్టి కేసు రకం అన్న గడి చూడకుండా కంగారు పడకండి. డాలస్‌లో ఇంకా తేలిక, ఫెలొనీ "ఎఫ్"తోనూ మిస్‌డిమీనర్ "ఎం"తోనూ మొదలవుతాయి. క్లాస్ బీ అయితే గరిష్ఠంగా 180 రోజుల జైలు, రెండు వేల డాలర్ల జరిమానా. క్లాస్ ఏ అయితే ఏడాది, నాలుగు వేలు. మొదటిసారి తాగి నడిపిన కేసు మామూలుగా క్లాస్ బీ. రక్తంలో ఆల్కహాల్ 0.15 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే క్లాస్ ఏ.

తర్వాత ఆరోపణ పేరు. ఇక్కడ మన పెళ్లివాళ్లను బాగా భయపెట్టే మాట ఒకటుంది, "అసాల్ట్, బాడిలీ ఇంజరీ, ఫ్యామిలీ మెంబర్", అంటే కుటుంబ సభ్యుల మీద శరీరానికి గాయమయ్యే దాడి. ఇది చూడగానే "అయ్యో, వీడికి ముందే పెళ్లైంది, పెళ్లాన్ని కొట్టాడు" అనేసుకుంటారు. ఆగండి. టెక్సాస్ చట్టంలో బాడిలీ ఇంజరీ అంటే నొప్పి కలిగితే చాలు, రక్తం రానక్కర్లేదు. ఇక ఫ్యామిలీ అన్న మాటలోకి ఒకే ఇంట్లో ఉండేవాళ్లంతా వస్తారు, చుట్టరికం లేకపోయినా సరే. నలుగురు బ్యాచిలర్లు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండి, గిన్నెలు ఎవరు తోమాలన్న గొడవలో ఒకడు ఇంకొకణ్ని తోస్తే, పక్కవాళ్లు ఫోన్ చేస్తే, కేసు కాగితం మీద పడేది ఇదే ముద్ర. అలాంటి ఫైళ్లు మా ఆఫీసులో ఉన్నాయి. అలాగని ఈ ముద్ర ఉన్నవన్నీ గిన్నెల గొడవలని కాదు. భార్యను నిజంగా కొట్టినవాళ్లవీ ఇదే పేరుతో ఉంటాయి. కేసు పేరు చూసి ఏ నిర్ణయానికీ రాకూడదు, లోపలి కాగితం చదవాలి. కంప్లయింట్ అన్న కాగితంలో ఫిర్యాదుదారు ఎవరో, ఏం జరిగిందన్నారో నాలుగు ముక్కల్లో ఉంటుంది.

ఆ కింద తేదీల వారీగా పెద్ద జాబితా ఉంటుంది. అరెస్టు, బాండ్, వాయిదాలు, ఇలా. వాయిదాలు పన్నెండు కనిపిస్తే కేసు పెద్దదని కాదు, ఇక్కడ కూడా వాయిదాలు మామూలే. మీకు కావలసింది ఒకే ఒక్క గడి, డిస్పోజిషన్. కేసు చివరికి ఏమైంది అన్నది.

అందులో "డిస్మిస్డ్" అని ఉంటే కేసు కొట్టేశారు. "నో బిల్" అని ఉంటే గ్రాండ్ జ్యూరీ, అంటే పన్నెండు మంది పౌరులు, కేసు నడపడానికి తగినంత ఆధారం లేదన్నారు. నేరారోపణ ఖాయం చేయడానికి పన్నెండులో తొమ్మిది ఓట్లు కావాలి. "గిల్టీ" అర్థమవుతుంది. "నోలో కంటెండరే" అంటే ఒప్పుకోను, పోరాడను అని. క్రిమినల్ కేసు వరకు ఫలితం ఒప్పుకున్నట్టే. "పెండింగ్" అంటే ఇంకా నడుస్తోంది.

ఇక "డిఫర్డ్ అడ్జుడికేషన్". దీని దగ్గర కాస్త నిలబడాలి. ముద్దాయి నేరం ఒప్పుకుంటాడు, లేదా నోలో అంటాడు. జడ్జి శిక్ష వేయకుండా, దోషి అని ప్రకటించకుండా, కొన్ని నెలలో ఏళ్లో పద్ధతిగా ఉండమంటాడు. గడువు సరిగ్గా పూర్తిచేస్తే కేసు డిస్మిస్ అయినట్టు రాస్తారు. టెక్సాస్ లెక్కలో ఇది మామూలుగా శిక్ష పడినట్టు కాదు. అబ్బాయి "నాకు శిక్ష పడలేదండీ, కేసు పోయింది" అంటే అబద్ధం చెప్పినట్టు కాదు. కానీ ఇమిగ్రేషన్ చట్టం 1996 నుంచి దీన్ని శిక్ష కిందే చూస్తుంది. మీ అమ్మాయి అతని మీద ఆధారపడిన వీసాతో వెళ్లబోతోంది కాబట్టి మీరు పట్టించుకోవలసింది టెక్సాస్ లెక్కను కాదు, ఈ రెండో లెక్కను. అలాగే 2015 నుంచి తాగి నడిపిన అరెస్టు ఒక్కటి ఉన్నా, కోర్టులో ఏమీ తేలకముందే వీసా స్టాంపును అమెరికా విదేశాంగ శాఖ రద్దు చేయడం జరుగుతోంది. అమెరికా లోపల ఉన్నంతవరకు ఉద్యోగానికి అడ్డు రాకపోవచ్చు. ఇండియా వస్తే తిరిగి వెళ్లడానికి మళ్లీ స్టాంపింగ్, వైద్య పరీక్ష. పెళ్లికని వచ్చి మూడు నెలలు హైదరాబాద్‌లోనే చిక్కుకుపోయిన పెళ్లికొడుకు కథ ఇక్కడ ఒకటి రెండు ఇళ్లలో వినే ఉంటారు.

ఏమీ దొరకలేదనుకోండి. అప్పుడు మాత్రం "లేదు" అని రాసుకోకండి, "కనిపించలేదు" అని రాసుకోండి. అరెస్టైనా కనిపించకపోవడానికి కారణాలు చాలానే ఉన్నాయి. నగర పోలీసుల సొంత లాకప్‌లో ఒక రాత్రి ఉంచి, మెజిస్ట్రేట్ బాండ్ ఇస్తే అక్కడి నుంచే ఇంటికి పోయి ఉండొచ్చు, కౌంటీ జైలు గడప తొక్కకపోవచ్చు. ప్రాసిక్యూటర్ ఇంకా కేసు దాఖలు చేయకపోయి ఉండొచ్చు. మామూలు మిస్‌డిమీనర్‌కు రెండేళ్ల వరకు టైముంటుంది వాళ్లకు. పదిహేడేళ్లు నిండకముందు జరిగింది పిల్లల కోర్టుది, అది బయటికి రాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, రికార్డు తుడిచేసి ఉండొచ్చు.

తుడవడం రెండు రకాలు. ఎక్స్‌పంక్షన్ అంటే పూర్తిగా చెరిపేయడం. నిర్దోషిగా తేలినవాళ్లు, కేసు పెట్టనేపెట్టనివాళ్లు, కొట్టేసిన కేసులవాళ్లు షరతులకు లోబడి కోర్టును అడగొచ్చు. ఉత్తర్వు వచ్చాక పోలీసు, జైలు, క్లర్కు అందరూ ఆ కాగితాలు తీసేయాలి. అతను "నన్నెప్పుడూ అరెస్టు చేయలేదు" అని చెప్పుకునే హక్కు కూడా టెక్సాస్ చట్టం ఇస్తుంది. రెండోది నాన్‌డిస్‌క్లోజర్. డిఫర్డ్ పూర్తిచేసినవాళ్లలో అర్హత ఉన్నవాళ్లకు ఇచ్చేది. రికార్డు ఉంటుంది గానీ మామూలు జనానికి చూపించరు, పోలీసులకూ కొన్ని ప్రభుత్వ సంస్థలకూ కనిపిస్తుంది. ఈ రెండింటిలో ఏ ఉత్తర్వున్నా ఆ కేసు మీకు ఏ అధికారిక పోర్టల్‌లోనూ దొరకదు, దొరక్కూడదు కూడా. ఆ ముప్పై డాలర్ల సైట్లలో మాత్రం పాత డేటా అలాగే తేలుతుంటుంది. కోర్టు చెరిపేయమన్న దాన్ని తవ్వి తీసి పెళ్లి చెడగొట్టడం నాకైతే న్యాయంగా అనిపించదు. కానీ అమెరికా వీసా ఫారం డీఎస్-160 మాత్రం "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అని సూటిగా అడుగుతుంది, క్షమాభిక్ష వచ్చినా సరే చెప్పమంటుంది. రాష్ట్రం చెరిపేసింది అక్కడ చెల్లదు.

కౌంటీలతో పాటు ఇంకో మూడు చోట్లు చూడొచ్చు, వీటికి ఎక్కువ టైము పట్టదు. టెక్సాస్ డీపీఎస్, అంటే రాష్ట్ర పోలీసు శాఖ, వాళ్ల క్రిమినల్ హిస్టరీ సైటులో రాష్ట్రమంతటి శిక్షలు, డిఫర్డ్ కేసులు పేరుతో వెతకొచ్చు. వెతుకులాటకు ఇంతని కొద్ది రుసుము ఉంటుంది. కౌంటీలు పంపితేనే అక్కడికి చేరతాయి కాబట్టి దాని మీదే ఆధారపడకండి. టెక్సాస్ రాష్ట్ర జైళ్లలో ఉన్నవాళ్ల జాబితా రాష్ట్ర జైళ్ల శాఖ టీడీసీజే సైటులో ఉచితం. ఫెడరల్ కేసులకు, అంటే వీసా మోసాలు, బ్యాంకు మోసాలు లాంటివాటికి, పేసర్ అని వేరే వ్యవస్థ. పేజీకి పది సెంట్లు, ఒక డాక్యుమెంటుకు మూడు డాలర్లకు మించదు, మూడు నెలల్లో మీ ఖర్చు ముప్పై డాలర్లు దాటకపోతే అదీ వసూలు చేయరు.

పోలీసు రిపోర్టు కావాలంటే టెక్సాస్ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం ఉంది, మన ఆర్టీఐ లాంటిది. ఆ నగర పోలీసుల రికార్డ్స్ విభాగానికి మెయిల్ పెట్టి "బేసిక్ ఇన్ఫర్మేషన్" అడగండి. కేసు దర్యాప్తులో ఉన్నా సరే, ఎవరిని, ఎప్పుడు, ఎక్కడ, దేనికి అరెస్టు చేశారన్న ప్రాథమిక వివరాలు ఇవ్వక తప్పదు. ఎందుకు కావాలి అని వాళ్లు మిమ్మల్ని అడగకూడదు. ఈ చట్టం కోర్టులకు వర్తించదు, కోర్టు కాగితాలు క్లర్కునే అడగాలి.

అడగని మాట ఒకటి చెప్తాను, ఏమీ అనుకోకండి. పెళ్లి సంబంధం కోసం వెతుకుతున్నప్పుడు అందరూ క్రిమినల్ గడిలో వెతికి ఆగిపోతారు. అదే పోర్టల్‌లో ఫ్యామిలీ అన్న గడి కూడా ఉంటుంది. టెక్సాస్‌లో విడాకుల కేసు వేయాలంటే భార్యాభర్తల్లో ఒకరు రాష్ట్రంలో ఆర్నెల్లు, ఆ కౌంటీలో తొంభై రోజులు ఉండాలి కాబట్టి, ఇక్కడ కేసు ఉంటే ఇద్దరిలో ఒకరు కాపురం ఉన్న కౌంటీలోనే ఉంటుంది. కాలిన్, డెంటన్ రెండూ చూడండి. ఇక్కడ జరిగిన పెళ్లిళ్ల లైసెన్సులు కౌంటీ క్లర్కు దగ్గర ఉంటాయి, అవీ పబ్లిక్ రికార్డే. పదహారేళ్లలో అరెస్టు దాచిన పెళ్లికొడుకుల కంటే మొదటి పెళ్లి దాచినవాళ్లనే నేను ఎక్కువ చూశాను.

ఇంతా చేశాక, లేదా ఇంతా చేయకుండానే, అబ్బాయిని అడగండి. ఫోన్లో తండ్రిని కాదు, అబ్బాయినే. "బాబూ, ఇలా ఒక మాట మా చెవిన పడింది, ఏం జరిగింది?" అని. అరెస్టైన మాట నిజమైతే అతని దగ్గర సర్టిఫైడ్ డిస్పోజిషన్ అనే కాగితం ఉండి తీరాలి. క్లర్కు ముద్రతో ఉంటుంది. వీసా స్టాంపింగ్‌కి, గ్రీన్‌కార్డుకి, సిటిజన్‌షిప్‌కి ప్రతిచోటా అడుగుతారు కాబట్టి ఒకసారి ఇలాంటిది జరిగిన ఎవరైనా దాన్ని పాస్‌పోర్టు పక్కనే పెట్టుకుంటారు. అడిగిన గంటలో వాట్సాప్‌లో పంపిస్తే అది ఒక రకం మనిషి. "మీకు ఎవరు చెప్పారు, వాళ్ల పేరు చెప్పండి" అంటూ ఎగిరితే ఇంకో రకం. అతను ఇచ్చిన కాగితం మీద కేసు నంబరు ఉంటుంది, దాన్ని పోర్టల్‌లో కొట్టి సరిచూసుకోండి. నంబరు ఉంటే పేరు స్పెల్లింగు గోల ఉండదు. అనుమానం తీరకపోతే క్లర్కు ఆఫీసు నుంచి మీరే సర్టిఫైడ్ కాపీ తెప్పించుకోవచ్చు, జనానికి చూపించకూడదని కోర్టు సీలు వేసిన కేసు కాకపోతే ఎవరు అడిగినా ఇస్తారు.

జైలు ఫొటో కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి చుట్టాల గ్రూపులో పెట్టకండి. ఇది మీకోసమే చెప్తున్నాను. ఫొటో అంటే అరెస్టైనట్టు, అంతే. రేపు కేసు కొట్టేశారని తేలినా, అసలు వేరే మనిషని తేలినా, ఆ స్క్రీన్‌షాట్ వెనక్కి రాదు. సంబంధం కుదిరితే జీవితాంతం ఆ గ్రూపులో అల్లుడిగా ఉండాల్సింది అతనే. కేసు నంబర్లు, పుట్టిన తేదీ ఇక్కడ కూడా రాయకండి, ఇది పదిమంది చదివే చోటు.

ఇవాళ్టికి ఒక్క పని చేయండి. ఆ ముప్పై డాలర్ల రిపోర్టు మళ్లీ తెరిచి, మూడు కేసుల కిందా కౌంటీ పేరు, సంవత్సరం ఉన్నాయేమో చూడండి. పక్కన అబ్బాయి బయోడేటా పెట్టుకోండి. అతను ఇండియాలో బీటెక్ చదువుతున్న ఏడాదిలో ఫ్లోరిడాలో అరెస్టైనట్టు ఉంటే ఆ కేసు కొట్టేయండి. మిగిలినవాటికి ఆ కౌంటీ క్లర్కు సైటులో, పాస్‌పోర్టులో ఉన్న పేరుతో, తేదీ నెల ముందు వేసి వెతకండి. ఆగిపోయిన చోట పేర్లు తీసేసి రాయండి, రాత్రి పిల్లలు పడుకున్నాక చూస్తాను.